షెల్ఫ్ ఖాళీ అవ్వడం వేరు, పర్సు ఖాళీ అవ్వడం వేరు: సరుకుల కొరతలో ఇంటి బడ్జెట్ లెక్కలు

క్లుప్తంగా

షాపులో సరుకు కనపడకపోవడానికి ఒక కారణం, కనపడినా కొనలేకపోవడానికి ఇంకో కారణం. మొదటిది ఎక్కువసార్లు కొన్ని వారాల్లో సర్దుకుంటుంది, రెండోది నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. మొదటిదానికి ఇంట్లో కొద్దిపాటి నిల్వ ఉంటే చాలు. రెండోదానికి నిల్వ పెద్దగా పనికిరాదు, అక్కడ కొనే పద్ధతి మార్చుకోవడం, పారేసేది తగ్గించుకోవడం పనిచేస్తాయి. రెండిటినీ ఒకటే అనుకుని, ధర పెరుగుతుందన్న భయంతో ఉన్న డబ్బంతా పెట్టి ఒక్కసారే కొనేస్తే బడ్జెట్ రెండు వైపులా దెబ్బతింటుంది.

లేని కొరత ఎలా పుడుతుంది

షెల్ఫ్ ఖాళీగా కనపడిందంటే ఎక్కడో పంట పోయిందనో, ఫ్యాక్టరీ మూతపడిందనో చాలామంది అనుకుంటారు. అలాంటివి ఉంటాయి, కాదనలేం, కానీ బాగా పేరుపడ్డ కొరతల్లో కొన్నిటికి అసలు సరుకు తగ్గడం కారణమే కాదు. 1973 చివర్లో ఆయిల్ సంక్షోభం నడుస్తున్నప్పుడు జపాన్‌లో ఒసాకా దగ్గర సెన్రి న్యూటౌన్‌లో ఒక షాపు ముందు టాయిలెట్ పేపర్ కోసం జనం క్యూ కట్టారు, ఆ వార్త దేశమంతా పాకింది, ఎక్కడికక్కడ స్టాక్ ఊడ్చుకుపోయింది, తయారీ మాత్రం మామూలుగానే నడుస్తోంది. అదే ఏడాది డిసెంబర్ 19న అమెరికాలో టీవీ హోస్ట్ జానీ కార్సన్ తన షోలో టాయిలెట్ పేపర్‌కి కొరత వచ్చిందంటూ ఒక జోక్ వేస్తే, చూసినవాళ్ళు నిజమనుకుని షాపులకి పరిగెత్తారు, దాంతో నిజంగానే కొరత వచ్చి కూర్చుంది.

ఇదంతా జనం తెలివితక్కువతనం అని కొట్టిపారెయ్యడం తేలికే, కానీ లెక్క వేసి చూస్తే అలా అనిపించదు. ఒక షాపుకి వారానికి 100 ప్యాకెట్లు వస్తాయి, 100 కుటుంబాలు తలా ఒకటి కొంటాయి అనుకుందాం. ఒక వారం 30 కుటుంబాలు ఎందుకైనా మంచిదని రెండేసి తీసుకున్నాయి. ఎవరూ బస్తాలు మోసుకెళ్ళలేదు, ఒక్క ప్యాకెట్ ఎక్కువ, అంతే. అయినా 60 ప్యాకెట్లు వెళ్ళిపోయాయి, మిగిలింది 40, కొనాల్సిన ఇళ్ళు 70, అంటే 30 ఇళ్ళవాళ్ళు ఖాళీ సంచితో తిరిగి వెళ్ళాలి. వచ్చే వారం ఆ 30 ఇళ్ళవాళ్ళు షాపు తెరవకముందే వచ్చి నిలబడతారు, దొరికితే రెండో మూడో తీసుకుంటారు, ఆ క్యూ చూసినవాళ్ళకి మళ్ళీ భయం. ఇందులో ఫలానా వాళ్ళది తప్పు అని వేలెత్తి చూపించలేం, ఎవరికి వాళ్ళు చేసింది సబబుగానే ఉంది, అందరూ ఒకే వారం చేసేసరికి షెల్ఫ్ ఖాళీ అయింది.

పైగా ఇప్పటి షాపుల్లో వెనక స్టోర్ రూమ్‌లో పెద్దగా సరుకు ఉండదు. జాగాకి అద్దె, ఆగిపోయిన స్టాక్‌కి వడ్డీ, రెండూ భారమే కాబట్టి ఎంత అమ్ముడైతే అంత మళ్ళీ తెప్పించుకునే పద్ధతికి అలవాటుపడ్డారు. టయోటా కార్ల ఫ్యాక్టరీలో పుట్టిన ఈ ఆలోచన కిరాణా వ్యాపారం దాకా వచ్చింది. మామూలు రోజుల్లో దీనివల్ల ధర తక్కువే పడుతుంది, ఆ లాభం కొనేవాళ్ళకీ కొంత అందుతుంది, కానీ గిరాకీ ఒక్కసారిగా ఎగిరితే ఆదుకోడానికి మధ్యలో అదనపు నిల్వ లేదు.

సరుకు ఉంది, సరైన ప్యాకింగ్ లేదు

2020లో కరోనా మొదలైనప్పుడు గోధుమ పిండి దొరకని దేశాలు చాలా ఉన్నాయి, నిజానికి గోధుమలకి కొరత లేదు, పిండి మరలు రాత్రింబవళ్ళు తిరుగుతూనే ఉన్నాయి. బ్రిటన్‌లో మిల్లుల సంఘం అప్పుడు చెప్పిన లెక్క ప్రకారం ఆ దేశంలో తయారయ్యే పిండిలో షాపుల ద్వారా ఇళ్ళకి వెళ్ళేది సుమారు 4 శాతమే, మిగతాదంతా బేకరీలకి, ఫుడ్ ఫ్యాక్టరీలకి పెద్ద పెద్ద సంచుల్లోనో ట్యాంకర్లలోనో వెళ్ళేది. జనమంతా ఇంట్లో ఉండి బ్రెడ్డు, కేకులు చేసుకోవడం మొదలుపెట్టేసరికి చిన్న ప్యాకెట్లు నింపే మెషిన్లు చాలలేదు. కొరత పిండికి కాదు, ప్యాకెట్‌కి. ఆఫీసుల్లో, హోటళ్ళలో వాడే సరుకు ఒక దారి, ఇళ్ళల్లో వాడేది ఇంకో దారి, ఒక దారిలో పేరుకుపోయిన సరుకుని రెండో దారిలోకి మళ్ళించడానికి కొన్ని వారాలు పట్టింది.

ఇంకో రకం కొరత మరీ కొద్ది చేతుల మీద ఆధారపడటం వల్ల వస్తుంది. 2022 ఫిబ్రవరిలో అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని ఒక పసిపిల్లల పాలపొడి ఫ్యాక్టరీలో ఉత్పత్తి ఆగితే ఆ ప్రభావం దేశమంతా పడింది, ఎందుకంటే ఆ మార్కెట్ దాదాపు మొత్తం నాలుగు కంపెనీల చేతుల్లోనే ఉంది, బయట దేశాల నుంచి తెచ్చుకోడానికి రూల్స్ అడ్డం. ఆఖరికి సైనిక విమానాల్లో తెప్పించాల్సి వచ్చింది. కొరత కష్టం అందరి మీదా ఒకేలా పడదనడానికి ఇదే ఉదాహరణ, పెద్దవాళ్ళు ఒక బ్రాండ్ లేకపోతే ఇంకోటి తింటారు, అదే పాలపొడి మీద బతికే పసిబిడ్డకి ఆ వెసులుబాటు లేదు. డబ్బా ఎక్కువ రోజులు రావాలని పొడి తగ్గించి నీళ్ళు ఎక్కువ కలపొద్దని డాక్టర్లు అప్పుడు పదేపదే చెప్పాల్సి వచ్చింది, అలా చేస్తే బిడ్డ ఒంట్లో లవణాలు దెబ్బతిని ప్రాణం మీదకి వస్తుంది. బడ్జెట్ సాగదీయడంలో అస్సలు ముట్టుకోకూడని చోటు ఏదైనా ఉందంటే అది ఇదే.

లోటు కొంచెమే, ధర మాత్రం ఎందుకంత

ఇక రెండో సమస్యకి వద్దాం, సరుకు ఉంటుంది, ధర అందదు. ఇక్కడ ఒక పాత లెక్క బాగా పనికొస్తుంది. 17వ శతాబ్దం చివర్లో ఇంగ్లండ్‌లో గ్రెగరీ కింగ్ పేరుతో వచ్చిన అంచనా ప్రకారం ధాన్యం పంట పదో వంతు తగ్గితే ధర పదికి మూడు వంతులు పెరుగుతుంది, సగానికి సగం తగ్గితే మామూలు ధర మీద 450 శాతం పెరుగుతుంది. ఆ అంకెలు ఇప్పటికి అచ్చంగా సరిపోవు గానీ లోపలున్న సూత్రం మారలేదు. బట్టల ధర పెరిగితే కొనడం వాయిదా వేస్తాం, తిండి వాయిదా వెయ్యలేం కదా, కాబట్టి ఉన్న కొద్ది సరుకు కోసం అందరూ పోటీపడతారు, ఎవరో ఒకరు వెనక్కి తగ్గేదాకా ధర ఎక్కుతూనే ఉంటుంది. ఆ వెనక్కి తగ్గేది ఎప్పుడూ చేతిలో డబ్బు తక్కువున్నవాళ్ళే.

దీనికి తోడు దేశాలు కూడా భయపడి కొనే మనుషుల్లాగే ప్రవర్తిస్తాయి. 2022 ఫిబ్రవరిలో రష్యా యుక్రెయిన్ మీద యుద్ధానికి దిగాక యుక్రెయిన్‌లోని నల్ల సముద్రం రేవుల నుంచి గోధుమలు, సన్‌ఫ్లవర్ నూనె ఆగిపోయాయి, నూనె ధరలు మండిపోతుంటే ప్రపంచంలో అందరికంటే ఎక్కువ పామాయిల్ తీసే ఇండోనేషియా ఏప్రిల్ 28న ఎగుమతులు ఆపేసింది, తన జనానికి నూనె అందాలని. మే 23న మళ్ళీ తెరిచింది. నెల కూడా నిండలేదు, కానీ ఆ వార్తతోనే కొనే దేశాలన్నీ వేరే నూనెల మీద పడ్డాయి, వాటి ధరలూ లేచాయి. పైన చెప్పిన షాపులో రెండేసి ప్యాకెట్లు తీసుకున్న 30 కుటుంబాల కథే ఇది, కాకపోతే దేశాల స్థాయిలో.

ధరలు తగ్గాయన్నారు, బిల్లు ఎందుకు తగ్గలేదు

ఎక్కువమందిని అయోమయంలో పెట్టే విషయం ఇది. ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ ఎఫ్ఏఓ ప్రతి నెలా లెక్కగట్టే ప్రపంచ ఆహార ధరల సూచీ, 2014-16 సగటుని 100 అనుకుంటే, 2022 మార్చిలో దాదాపు 160కి చేరి రికార్డు కొట్టింది. 2023 మధ్యకల్లా అక్కడి నుంచి 20 శాతానికి పైగా దిగింది. కానీ షాపు బిల్లు చాలా దేశాల్లో దిగలేదు, పైగా ఇంకా పెరిగింది. ఇందులో మోసం ఉండాల్సిన అవసరం లేదు, ఆ సూచీ కొలిచేది ఓడల్లో వెళ్ళే ముడి సరుకు ధరని. షాపులో కొనే ప్యాకెట్ ధరలో ముడి సరుకుది ఒక భాగమే, మిగతాది మర ఖర్చు, కరెంటు, డీజిల్, కూలి, అద్దె, ప్యాకింగ్, మధ్యలో చేతులు మారినప్పుడల్లా లాభం. ధాన్యం ధర దిగినా కూలి, అద్దె వెనక్కి దిగవు.

దానికి తోడు ధరలు ఎక్కేటప్పుడు రాకెట్‌లా ఎక్కి దిగేటప్పుడు ఈకలా దిగుతాయని ఆర్థికవేత్తలు అంటారు, 1991లో రాబర్ట్ బేకన్ అనే ఆయన బ్రిటన్ పెట్రోల్ ధరల మీద ముందుగా చూపించిన విషయం ఇది. ఖరీదు పెరిగినప్పుడు అమ్మేవాళ్ళకి వెంటనే పెంచక తప్పదు, తగ్గినప్పుడు మాత్రం పక్క షాపు తగ్గించేదాకా తొందర ఉండదు.

ఇంకొకటి, ఇన్‌ఫ్లేషన్ తగ్గింది అంటే ధర తగ్గిందని కాదు, పెరిగే స్పీడు తగ్గిందని. 100 ఉన్న సరుకు ఒక ఏడాది 10 శాతం పెరిగి 110 అయింది, తర్వాతి ఏడాది ఇన్‌ఫ్లేషన్ 3 శాతానికి పడిపోయిందని సంబరంగా వార్త వస్తుంది, ఆ సరుకు అప్పుడు 113.3 ఉంటుంది. జీతం 100 దగ్గరే ఆగిపోయిన ఇంటికి ఆ వార్త వల్ల ఒరిగేదేం లేదు.

చౌక సరుకు కొనేవాళ్ళకి ఇంకో దెబ్బ కూడా ఉంది. 2020 తర్వాతి ధరల పెరుగుదలని 10 దేశాల్లో పరిశీలించిన ఆల్బర్టో కవాల్లో, ఒలెక్సి క్రివ్‌త్సోవ్ తేల్చింది ఏంటంటే ఒకే రకం సరుకులో ఖరీదైన బ్రాండ్ల కంటే చౌక బ్రాండ్ల ధరలే వేగంగా పెరిగాయి. ఆలోచిస్తే సహజమే, చౌక బ్రాండ్‌లో లాభం ముందే పల్చగా ఉంటుంది, ఖర్చు పెరిగితే మింగడానికి ఏమీ ఉండదు, పైగా ఖరీదైన బ్రాండ్ వదిలేసినవాళ్ళంతా అక్కడికే దిగుతారు. ఇప్పటికే అన్నిటికంటే చౌకది కొనేవాళ్ళకి దిగడానికి ఇంకో మెట్టు లేదు.

ధర అదే, ప్యాకెట్ చిక్కింది

ధర మార్చకుండా బరువు తగ్గించడం అందరికీ తెలిసిన పద్ధతే గానీ దాన్ని అంకెల్లోకి మార్చి చూసుకునేవాళ్ళు తక్కువ. 500 గ్రాముల ప్యాకెట్ అదే ధరకి 440 గ్రాములైతే తగ్గింది 12 శాతం అనిపిస్తుంది, గ్రాముకి ధర మాత్రం 13.6 శాతం పెరిగినట్టు. ఫ్రాన్స్‌లో 2024 జూలై 1 నుంచి పెద్ద షాపులు ఇలా బరువు తగ్గిన సరుకుల దగ్గర ఆ విషయం బోర్డు పెట్టి చెప్పాలని రూల్ పెట్టారు. అలాంటి రూల్ లేని చోట కిలోకో లీటరుకో ఎంత పడుతోందని కొనేవాళ్ళే లెక్క వేసుకోవాలి. పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చౌక అనే నమ్మకం కూడా ఈ లెక్కతోనే తేలిపోతుంది, కొన్నిసార్లు రెండు చిన్నవే చౌక పడతాయి.

ఇంట్లో ముందు కోత పడేది దేనికి

1857లో జర్మన్ గణాంక నిపుణుడు ఎర్నెస్ట్ ఎంగెల్ బెల్జియం కుటుంబాల ఖర్చులు పరిశీలించి, ఆదాయం తగ్గేకొద్దీ అందులో తిండికి పోయే వాటా పెరుగుతుందని చెప్పాడు. అప్పటి నుంచి ఎక్కడ చూసినా ఇదే కనపడుతోంది. ఆదాయంలో పదో వంతు తిండికి పెట్టే ఇంటికి సరుకులు 20 శాతం పెరిగితే మొత్తం బడ్జెట్ మీద పడేది 2 శాతం, సగం తిండికే పెట్టే ఇంటికి 10 శాతం. అదే షాపు, అదే ధర, భారం మాత్రం ఐదింతలు.

అప్పుడు ఇల్లు ఏం చేస్తుందంటే ఆకలి తీర్చేదాన్ని ఉంచి రుచిని, పోషకాన్ని తగ్గిస్తుంది. రాబర్ట్ జెన్సెన్, నోలన్ మిల్లర్ అనే ఇద్దరు చైనాలోని హునాన్‌లో పేద కుటుంబాల మీద చేసిన ప్రయోగం ఫలితాలు 2008లో బయటికొచ్చాయి, బియ్యం ధర తగ్గిస్తే ఆ ఇళ్ళు బియ్యం తక్కువ కొన్నాయి, ధర ఎక్కువున్నప్పుడు ఎక్కువ కొన్నాయి. చదవగానే తిరకాసుగా ఉంటుంది. బియ్యం ధర పెరిగితే చేతిలో మిగిలేది తగ్గుతుంది, దాంతో మాంసం లాంటివి కొనడం మానేస్తారు, ఆ ఖాళీ పొట్ట నింపడానికి ఇంకాస్త బియ్యమే కావాలి, ఎంత పెరిగినా అన్నిటికంటే చౌకది అదే కాబట్టి. అంటే కంచం నిండుగానే కనపడుతుంది, లోపల పోషకం పోయింది. ఈ లోటు నెల బడ్జెట్‌లో కనపడదు, పిల్లల ఎదుగుదలలో, గర్భిణీల రక్తహీనతలో తర్వాతెప్పుడో బయటపడుతుంది. కోత పెట్టక తప్పనప్పుడు ప్యాకెట్ చిరుతిళ్ళు, తీపి డ్రింకుల మీద ముందు పెట్టి, పప్పుధాన్యాలు, గుడ్లు, ఆ కాలంలో దొరికే కూరగాయలని ఆఖరి దాకా కాపాడుకోవాలి. మాంసం తగ్గినా పప్పు, ధాన్యం రెండూ తింటుంటే ఒకదాంట్లో తక్కువున్న అమైనో ఆమ్లాల్ని (ప్రొటీన్‌లో ఉండే భాగాల్ని) రెండోది చాలావరకు పూడుస్తుంది.

నిల్వ ఎప్పుడు కొనాలి, ఎంత

నిల్వ పెట్టుకోవడం తప్పేం కాదు, కొరత వార్త వచ్చాక పెట్టుకోవడమే ఖరీదైన పని. మామూలు రోజుల్లో వారం వారం కొనేవాటిల్లో ఏదో ఒకటి ఒక్క ప్యాకెట్ ఎక్కువ తీసుకుంటూ పోతే కొన్ని నెలల్లో రెండు వారాల సరుకు ఇంట్లో చేరుతుంది, షాపు షెల్ఫ్ మీద ఆ భారం తెలియదు, ఏ నెల బడ్జెట్టూ కుంగదు. రోజూ తినేవే నిల్వ పెట్టాలి, కొత్తది వెనక పెట్టి పాతది ముందు వాడాలి, ప్యాకెట్ మీద కొన్న తేదీ పెన్నుతో రాస్తే గొడవ ఉండదు. ధాన్యానికి తేమే పెద్ద శత్రువు, ఆరిన డబ్బాలో గాలి దూరకుండా మూత పెట్టాలి, పిండిలో పురుగు పడుతుందన్న అనుమానం ఉంటే కొన్నాక నాలుగైదు రోజులు ఫ్రీజర్‌లో ఉంచి తీస్తే గుడ్లు చనిపోతాయి.

ఒక్క మాట ఒప్పుకోవాలి, ఈ సలహా అందరికీ వర్తించదు. రోజు కూలితో ఏ రోజు సరుకు ఆ రోజు కొనుక్కునే ఇంటికి ఎక్కువ ప్యాకెట్ కొనడానికి చేతిలో డబ్బు ఉండదు, చిన్న ప్యాకెట్లే కొనాలి, గ్రాముకి ఎక్కువే కట్టాలి, డిస్కౌంట్ వచ్చిన రోజు చేతిలో డబ్బు లేక అది కూడా పోతుంది. అలాంటిచోట రెండు మూడు ఇళ్ళు కలిసి పెద్ద సంచి కొని పంచుకోవడం ఒక దారి.

పారేసేది కూడా కొన్నదే

ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన లెక్కల ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది, అందులో 60 శాతం ఇళ్ళల్లోనే. మనిషికి ఏడాదికి 79 కిలోలు. నలుగురున్న ఇంటికి లెక్కేస్తే ఏడాదికి 316 కిలోలు, వారానికి 6 కిలోల పైమాటే. ఇందులో తొక్కలు, ఎముకలు లాంటివి కూడా కలిసే ఉన్నాయి కాబట్టి అంతా మిగుల్చుకోగలిగింది కాదు, సగం ఆపగలిగినా ధర తగ్గకుండానే బిల్లు తగ్గినట్టు.

పారేసేదాంట్లో కొంత భాగం తేదీని తప్పుగా అర్థం చేసుకోవడం వల్ల. ఫలానా తేదీలోగా వాడితే బాగుంటుంది అని ఉంటే అది రుచి గురించి, ఆ తేదీ దాటినా పొడి సరుకులు చూసి, వాసన చూసి వాడుకోవచ్చు. ఫలానా తేదీలోగా వాడెయ్యాలి అని ఉంటే అది ఆరోగ్యం గురించి, అక్కడ పొదుపు పనికిరాదు. ఫ్రిజ్ 5 డిగ్రీల సెల్సియస్ లోపు ఉండాలి, వండినది మిగిలితే రెండు గంటల్లోపు అందులోకి వెళ్ళాలి, రేపటి వంట దానితోనే మొదలవ్వాలి. ఏం వండాలో అనుకుని కొనడం కంటే ఏం ఉందో చూసుకుని వండడం, ఈ ఒక్క అలవాటు మారితే కొనే లిస్టే మారిపోతుంది.

మనిషికి ఒకటే అనే రూల్

కొరతలో సరుకు పంచడానికి మూడు దారులే కనపడతాయి. ధర పెంచితే డబ్బున్నవాళ్ళకి దొరుకుతుంది, క్యూ పెడితే టైం ఉన్నవాళ్ళకి, కూపన్ పెడితే అందరికీ కొంచెం కొంచెం. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ మూడోది ఎంచుకుంది, 1940 జనవరి 8న వెన్న, పంచదార, బేకన్‌తో (ఉప్పు పట్టించిన పంది మాంసం) రేషన్ మొదలుపెట్టింది, యుద్ధం అయిపోయినా వెంటనే ఎత్తెయ్యలేకపోయింది, ఆఖరిది మాంసం మీద 1954 జూలై 4న ఎత్తేసింది. యుద్ధంలో రేషన్ లేని బ్రెడ్డుకి యుద్ధం ముగిశాక 1946లో రేషన్ పెట్టాల్సి వచ్చింది, కొరత ఎప్పుడు ముగుస్తుందో కారణం పోయిన తేదీని బట్టి చెప్పలేమన్నది ఇక్కడే తెలుస్తుంది. షాపులో మనిషికి ఒక్కటే అని బోర్డు పెట్టడం ఈ కూపన్‌కి చిన్న రూపం. పైన చెప్పిన 100 ప్యాకెట్ల షాపులో మొదటి వారమే ఆ బోర్డు ఉంటే 100 ఇళ్ళకీ అందేవి. ఆ బోర్డు చూడగానే కొరత ఖాయం అనుకుని భయపడేవాళ్ళు ఎక్కువ, నిజానికి కొరతని ఆపడానికే అది.

తర్వాత ఏం జరగొచ్చు

గిరాకీ పెరిగిందని షాపువాళ్ళు 100కి బదులు 150 ఆర్డర్ పెడతారు, డీలర్ తన వంతు భయం కలిపి 200, ఫ్యాక్టరీ ముడి సరుకు 300కి చెప్తుంది. దీన్ని బుల్‌విప్ ఎఫెక్ట్ అంటారు, కొరడా పిడి దగ్గర కాస్త కదిపితే కొన దగ్గర పెద్ద ఊపు వచ్చినట్టు. అమెరికాలో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీ పిల్లల డైపర్ల ఆర్డర్లలో దీన్ని గమనించింది, పిల్లలు వాడేది ఏ వారమైనా ఇంచుమించు ఒకటే, పైకి వెళ్ళేకొద్దీ ఆర్డర్లు మాత్రం ఎగిరి పడుతున్నాయి. ఆ ఎక్కువ ఆర్డర్లన్నీ కొన్ని వారాల తర్వాత ఒక్కసారి షాపులకి చేరతాయి, అప్పటికి ఇళ్ళల్లో అలమారాలు నిండి ఉంటాయి కాబట్టి కొనేవాళ్ళు ఉండరు, సరుకు పేరుకుంటుంది. నిన్న దొరకనిది ఆఫర్‌లో పెట్టి అమ్మేది అప్పుడే, భయపడి ఎక్కువ ధరకి కొన్నవాళ్ళ అలమారాలో ఉన్నదానికి గడువు దగ్గరపడేదీ అప్పుడే.